ఆటకు కొత్త పుస్తకము ఎప్పుడు రావలెను?

(సంఘ సాంస్కృతిక సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



తెలుగు లోగిళ్లలో తరతరములుగా ఆడబడుచున్న ఆటలకు పుస్తకములు లేవు. వామనగుంటల పీటలో గుంటకెన్ని గింజలు వేయవలెనో, అష్టాచెమ్మలో ఏ గడిలోని కాయను చంపరాదో, పులిజూదములో పులిని ఎట్లు కట్టివేయవలెనో పిల్లలు అమ్మమ్మ ప్రక్కన కూర్చుండి నేర్చుకొనిరి. ఊరికొక తీరుగా నియమము మారినను ఎవరును కలవరపడలేదు. "మా ఊరిలో ఇట్లే ఆడుదురు" అన్న ఒక్క మాటతో తగవు తీరెడిది. ఈ ఆటలకు ద్వితీయ ముద్రణము కావలెనని కోరినవారు లేరు. ప్రథమ ముద్రణమే లేనపుడు ద్వితీయమున కవకాశమెక్కడిది?

అయితే పుస్తకము లేనిదే సాగని ఆట ఒకటి గత అర్ధశతాబ్దిలో అమెరికాలో పుట్టి అనేక దేశములకు వ్యాపించినది. దానిని రోల్‌ప్లేయింగ్ గేమ్ అందురు. తెలుగున పాత్రధారణ క్రీడ యనవచ్చును. మన నగరములలోను యువతీయువకులు కొందరు సెలవు దినములలో బల్లచుట్టు చేరి దీనిని ఆడుచున్నారు. ఈ క్రీడల నియమగ్రంథములకు నూతన కూర్పులు ఎంతకాలమున కొకసారి రావలెనన్నది ఆ క్రీడాలోకమున ఎడతెగని వివాదము. పైకి పిల్లల తగవువలె కనబడినను దీనియందొక పెద్ద ప్రశ్న ఇమిడియున్నది. పదిమంది నమ్మి నడచుకొను నియమావళి ఎవరిది? దానిని మార్చు అధికారము ఎవరిది? ఎప్పుడు మార్చవలెను? నియమావళులతోడను, సవరణ పత్రములతోడను నిత్యము మెలగు కార్యాలయోద్యోగులకు ఇది పరాయి ప్రశ్న కానేరదు.

ముందుగా ఆట స్వరూపమును కొంత తెలిసికొనవలెను. నలుగురైదుగురు ఒకచోట కూర్చుందురు. వారిలో నొకరు నిర్వాహకులు. కథను నడపుట, న్యాయము చెప్పుట వారి పని. తక్కినవారు ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరింతురు. ఒకరు యోధుడు, ఒకరు మాంత్రికురాలు, ఒకరు దొంగ. వేషము లేదు, రంగస్థలము లేదు. అంతయు మాటలతోనే జరుగును. "నేను కోటగోడ నెక్కెదను" అని దొంగ పాత్రధారి యనును. గోడ యెంత నునుపుగా నున్నదో యోచించి నిర్వాహకుడొక సంఖ్యను నిర్ణయించును. ఇరువది ముఖములుగల పాచికను దొర్లించి, పడిన అంకెకు తన పాత్రయొక్క నేర్పును కూడగా ఆ సంఖ్య వచ్చినచో గోడ నెక్కినట్లు, రానిచో జారిపడినట్లు. ఆ నేర్పు ఎంత, పడినచో దెబ్బ యెంత, మంత్రమెంత దూరము పారును అను విషయములన్నియు నియమగ్రంథములో నుండును. బుర్రకథలో వంతలు ప్రశ్నలు వేయగలరేగాని కథాగతిని మార్చజాలరు. ఈ ఆటలో ప్రక్కన కూర్చున్నవారే కథను మార్చుదురు.

ఇట్టి ఆట ఒక్క పూటతో ముగియదు. నెలల తరబడి, కొన్నిచోట్ల ఏండ్ల తరబడి సాగును. ప్రతివారము విడిచిన చోటనే కథను తిరిగి అందుకొందురు. కావున ఆట నడుమ పుస్తకము మారుట యనగా, ఇల్లు సగము కట్టిన పిదప మేస్త్రి చేతిలోని కొలబద్దను మార్చుట వంటిది.

ఈ ఆటకు పూర్వచరిత్ర కలదు. మన దేశమున పుట్టిన చతురంగము పారశీక, అరబ్బు దేశముల మీదుగా ఐరోపాకు చేరి, అచట సైనిక శిక్షణకొరకు కల్పించిన యుద్ధక్రీడలకు మూలమైనది. 1824లో ప్రష్యా సైన్యాధికారి రైస్విట్స్ అట్టి క్రీడకు నియమగ్రంథమును ప్రకటించెను. కాలక్రమమున నియమములు, పట్టికలు పెరిగి ఆట మందగించెను. 1876లో వెర్డీ దు వెర్న్వా అను సేనాని ఆ పట్టికలను ప్రక్కనబెట్టి, అనుభవశాలియైన మధ్యవర్తి తీర్పే చాలునని ప్రతిపాదించెను. గ్రంథము ప్రధానమా, తీర్పరి వివేకము ప్రధానమా అను చర్చ అంత పాతది.

1974లో విస్కాన్సిన్ రాష్ట్రమందలి లేక్ జెనీవా అను చిన్న పట్టణమునుండి గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు రచించిన 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' వెలువడినది. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకములు. తొలి ముద్రణము వేయి ప్రతులు. చదివినంత మాత్రమున ఆట పట్టుబడెడిది కాదు. పోరాటములకు 1971 నాటి 'చెయిన్‌మెయిల్' అను వేరొక పుస్తకము చేతనుండవలెను. అరణ్య ప్రయాణములకు మరియొక సంస్థ అమ్ము ఆటపటము తెచ్చుకొనవలెను. అయినను సందేహము కలిగినచోట ఆడువారే తమకు తోచినరీతి నిర్ణయించుకొనవచ్చునని రచయితలు గ్రంథాంతమున సూచించిరి. 1975, 1976 సంవత్సరములలో నాలుగు అనుబంధ గ్రంథములు వచ్చినవి. ఫలితముగా ఊరికొక ఆట యయ్యెను. ఒక ఊరి పాత్రను వేరొక ఊరి బల్లకు కొనిపోయినచో అచ్చటివారికి అది అర్థమగుటయే కష్టమయ్యెను.

ఆ అవ్యవస్థను తీర్చుటకై 1977 మొదలు 1979 వరకు గైగాక్స్ మూడు పెద్ద సంపుటములు ప్రకటించెను. ఎచ్చట ఆడినను ఆట ఒకటిగానే యుండవలెనన్నది అప్పటి ఆయన పట్టుదల. ఐదేండ్ల క్రిందట స్వేచ్ఛ నొసగిన రచయితయే ఏకరూపతను కోరెను. దీనిని చపలత్వ మనుకొనరాదు. పదిమంది ఆడునపుడు స్వేచ్ఛ చాలును. లక్షలమంది ఆడునపుడు ఉమ్మడి భాష కావలసివచ్చును.

ఆ పిమ్మట కూర్పుల కథ వరుసగా చెప్పవచ్చును. రెండవ కూర్పు 1989లో వచ్చినది. మొదటి సంపుటములు పూర్తియైన పదియేండ్లకు. 1997లో ప్రకాశన సంస్థ చేతులు మారినది. మూడవ కూర్పు 2000లో వచ్చినది; పదునొకండు సంవత్సరముల ఎడము. దానికి సవరించిన రూపము 2003లోనే వచ్చినది, మూడేండ్ల ఎడము. నాలుగవ కూర్పు 2008లో, ఐదవది 2014లో వచ్చినవి. ఐదవదానిని సవరించిన గ్రంథములు 2024లో వెలువడ నారంభించినవి, మరల పదియేండ్లు. ఈ అంకెలు ఒక పాఠమును చెప్పుచున్నవి. పదియేండ్లు నిలిచిన కూర్పుల నాడు సణుగుడు మాత్రమే వినబడినది. మూడేండ్లకు, ఐదేండ్లకు మారిననాడు చీలికలు కలిగినవి.

మార్పే కూడదనువారును కలరు. వారి వాదము నిలువదు. 1978 నాటి గ్రంథములో స్త్రీ పాత్రల దేహబలమునకు పురుష పాత్రలకన్న తక్కువ గరిష్ఠ పరిమితి యుండెడిది. రాక్షసులు, మంత్రములు, ఎగురు సర్పములు గల లోకములో ఒక స్త్రీ మిక్కిలి బలవంతురాలు కారాదన్న నియమము ఎందులకో ఎవరును చెప్పజాలకపోయిరి. 1989 కూర్పులో దానిని తొలగించిరి. మరియొక ఉదాహరణము: 1974 నుండి కవచరక్షణను సూచించు అంకె తగ్గినకొలది రక్షణ పెరిగెడిది. మంచి కవచమునకు చిన్న అంకె, మరింత మంచి కవచమునకు సున్నకు దిగువ అంకె. కొత్తగా నేర్చువారు తీసివేతలతో తికమకపడెడివారు. 2000లో దీనిని తలక్రిందులు చేసి, పెద్ద అంకె పెద్ద రక్షణ యనిరి. ఇట్టి మార్పులు తప్పొప్పుల పట్టికతో తీరునవి కావు. గ్రంథమునే తిరిగి వ్రాయవలెను.

మరి తొందరపాటు ఎందులకు వచ్చును? ఇచట ప్రకాశకుని కష్టమును గూడ ధర్మముగా విచారింపవలెను. చదరంగపు బల్ల అమ్మువాడు ప్రతి యింటికి ఒకటి అమ్మును. నియమగ్రంథము అట్లు కాదు. నలుగురైదుగురు కూర్చున్నచోట నిర్వాహకుడు మాత్రమే అన్ని సంపుటములు కొనును; తక్కినవారు ఒక దానితోనో, ఎరవు పుస్తకముతోనో సరిపెట్టుకొందురు. కొన్నవాడు మరల కొననక్కరలేదు. పుస్తకము చక్కగా కుట్టబడినదైనచో ఇరువది యేండ్లు నిలుచును. కాని రచయితలకు, చిత్రకారులకు జీతములు ప్రతినెలయు ఇయ్యవలెను. కావున అనుబంధ గ్రంథములు వచ్చును: యోధులకొకటి, మాంత్రికులకొకటి, దొంగలకొకటి. ఒక్కొక్క అనుబంధము కొనువారు మూలగ్రంథము కొన్నవారికన్న తక్కువ. తరువాతి అనుబంధము కొనువారు మరింత తక్కువ. అనుబంధములలోని నియమములు ఒకదానితో నొకటి పొసగక ఆట బరువెక్కును. తుదకు ఆ బరువు దించు నెపముతో నూతన కూర్పు వచ్చును. మూలగ్రంథము మరల అందరికి అమ్ముడుపోవును. ఈ చక్రమున దురాశకన్న జీతముల అవసరమే ఎక్కువ. అయినను చక్రము చక్రమే. దాని క్రింద నలుగువాడు కొనుగోలుదారుడు.

"పాత పుస్తకమును ఎవరును లాగుకొనలేదు గదా, దానితోనే ఆడుకొనరాదా?" అని ప్రకాశకుని పక్షము వారు అడుగుదురు. ఇది సగము సత్యము. పుస్తకము అలమారలోనే యుండును; కాని ఆటకు మనుష్యులు కావలెను. అంగడిలో పాత పుస్తకము దొరకదు. కొత్తగా వచ్చు యువకుడు కొత్త పుస్తకముతో వచ్చును. పాత కూర్పునకు వ్రాసిన కథలు కొత్త కూర్పునకు అతుకవు. పుస్తకము నిలిచినను దాని చుట్టునున్న సంఘము కరగిపోవును.

2003 నాటి సవరణము ఇందులకు దృష్టాంతము. 2000లో మూడు సంపుటములు కొన్నవారు మూడేండ్లకే ఇంచుమించు అవే మూడు సంపుటములు మరల కొనవలసి వచ్చినది. పాత కూర్పునకు అనుబంధములు అచ్చువేసిన చిన్న ప్రకాశకుల నిల్వలు అంగళ్లలో నిలిచిపోయినవి. 2008లో వచ్చిన నాలుగవ కూర్పు మరింత దూరము పోయినది. ఆ గ్రంథము తనంతట తాను చెడ్డది కాదు. నిర్వాహకుని శ్రమను తగ్గించునట్లు, పాత్రల మధ్య సమత కుదురునట్లు శ్రద్ధతో నిర్మింపబడినదే. అయినను ఆటను మూలముట్టుగా మార్చుటచేత అనేకులకది పేరు మాత్రము మిగిలిన వేరొక ఆటగా తోచినది. అంతకుముందు ఆ క్రీడకు సంబంధించిన పత్రికలను నడపిన పైజో అను సంస్థ, విడిచివేయబడిన నియమములనే సంస్కరించి 2009లో 'పాత్‌ఫైండర్' అను పేర ప్రకటించెను. 2000లో ఇయ్యబడిన ఉదారమైన అనుమతిపత్రము వలన అట్లు చేయుటకు వారికి అవకాశము కలిగినది. పాత ఇంటిని విడువలేనివారు ఆ గొడుగు క్రింద చేరిరి. నియమగ్రంథము యజమాని చేతిలో నుండవచ్చునుగాని, దానికి ప్రాణము ఆడువారి అలవాటులో నున్నదని ఆ సంఘటన నిరూపించినది.

దీనికి ప్రతిగా వేరొక మార్గమును కలదు. 1981లో శాండీ పీటర్సన్ రచించిన 'కాల్ ఆఫ్ కథుల్హు' అను భయానక రస ప్రధానమైన క్రీడకు 2014 నాటికి ఏడు కూర్పులు వచ్చినవి. సంఖ్యను బట్టి చూచినచో ఇదియే ఎక్కువ. కాని మొదటి కూర్పునాటి కథను ఏడవ కూర్పు పుస్తకముతో కొలది పాటి లెక్కలు మార్చి నేటికిని ఆడవచ్చును. అందుచేత అచ్చట ఆడువారి నడుమ అంతటి చీలిక రాలేదు. దీనివలన తేలునదేమన, ఎన్ని యేండ్లకు అను లెక్క ఒక్కటే చాలదు; పాతదానిలో ఎంత భాగము పనికి వచ్చును అనునదియు లెక్కింపవలెను.

క్రికెట్టు ప్రియులకు ఈ విషయము సులభముగా బోధపడును. 1744లో మొదట వ్రాయబడిన ఆ ఆట శాసనములు 1788 నుండి మేరిల్‌బోన్ క్లబ్బువారి అధీనమున నున్నవి. 1884 నాటి స్మృతి 1947 వరకు, అరువదిమూడేండ్లు నడచినది. పిదప 1980లోను, 2000లోను, 2017లోను నూతన స్మృతులు వెలువడినవి. ఎడములు తగ్గుచున్నను, నడుమనడుమ చిల్లర సవరణలతోనే పని జరిగినది. బంతి వేయకముందే గీత దాటిన అవతలి ఆటగానిని రనౌట్ చేయుట 1947లో వినూ మన్కడ్ ఆస్ట్రేలియాలో చేసినప్పటినుండి వివాదాస్పదమై యుండెను. 2022లో ఆ నియమమును అనుచిత క్రీడ అను అధ్యాయమునుండి తీసి రనౌట్ అధ్యాయమున చేర్చిరి. డెబ్బదియైదేండ్ల వివాదము తీర్చుటకు కొత్త స్మృతి అవసరము కాలేదు. ఒక ప్రకరణము చోటు మారినది, అంతే.

మన విద్యాసంప్రదాయమున ఈ సమస్యకు ప్రాచీనమైన పరిష్కారము కలదు. పాణిని సూత్రములు వ్రాసెను. లోకవ్యవహారమున సూత్రమున కందనివి కనబడినపుడు కాత్యాయనుడు వార్తికములు చేర్చెను. రెంటిని విమర్శించి పతంజలి భాష్యము రచించెను. సూత్రపాఠమును చెరిపి కొత్త కూర్పు తెచ్చుటకు బదులు, దానిప్రక్కన సవరణమును, వ్యాఖ్యను నిలిపిరి. తెలుగున చిన్నయసూరి బాలవ్యాకరణము చెప్పక విడిచిన విషయములను బహుజనపల్లి సీతారామాచార్యులు ప్రౌఢవ్యాకరణమున చెప్పెను. దానికి త్రిలింగ లక్షణ శేషమను పేరు గలదు. మిగిలినది చెప్పుచున్నానను వినయము ఆ పేరులోనే యున్నది. అయితే జనుల పలుకు లక్షణగ్రంథమునకు దూరమై, పాఠశాల బాలుడు ఇంట ఒక భాష, బడిలో ఒక భాష నేర్వవలసి వచ్చినపుడు గిడుగు రామమూర్తి పంతులుగారి ఉద్యమము తప్పనిసరి యయ్యెను. శేషముతో తీరునది ఏది, తీరనిది ఏది అని ఎరుగుటయే వివేకము.

ఈ వివేకమును ఆటకు అన్వయించినచో సమాధానము స్పష్టము. తప్పొప్పులను ఎప్పటికప్పుడు ఉచితముగా ప్రకటింపవలెను. అనుబంధములు ఏటికి ఒకటి రెండు మించరాదు. మూలగ్రంథము మాత్రమే గలవాడు ఆటకు అనర్హుడు కారాదు. నూతన కూర్పు పదియేండ్లకు ముందు రారాదు. పదియేండ్లన్నది పంచాంగమునుబట్టి పెట్టిన ముహూర్తము కాదు. ఒక సమూహము గ్రంథమును నేర్చి, ఒకటి రెండు దీర్ఘకథలు పూర్తిచేసి, అందలి లోపములను అనుభవముతో గ్రహించుటకు అంత వ్యవధి పట్టును. పాఠశాలలో ఆట నేర్చిన బాలుడు కళాశాల విడుచువరకు ఒకే పుస్తకముతో ఆడగలుగును. పదియేండ్లు నిండినను, బల్లలచుట్టు జరుగు ఆటకును పుస్తకమునకును దూరము పెరుగనిచో, కొత్త కూర్పు అప్పుడును అక్కరలేదు.

వచ్చు కూర్పును ముందుగా జనులచేత ఆడించి చూడవలెను. ఐదవ కూర్పును ప్రకటించుటకు ముందు 2012 నుండి దాని చిత్తుప్రతులను ఎల్లరకు నిచ్చి అభిప్రాయములు సేకరించిరి; మూల నియమములను 2014లో ఉచితముగా అందజేసిరి. ఆ కూర్పునకు కలిగిన విశేషాదరణమునకు ఇదియు నొక కారణము. 2024 నాటి సవరణమందును ఐదవ కూర్పు కథలు పనికివచ్చునట్లు జాగ్రత్త వహించిరి. 2008 నుండి నేర్చిన పాఠము వృథా కాలేదు.

మరియొక రక్షణయు కావలెను: పాత పాఠము అందుబాటులో నుండవలెను. 2023 జనవరిలో ప్రకాశన సంస్థ, 2000 నాటి అనుమతిపత్రమును కఠినమైన నిబంధనలతో మార్చదలచినదని బయటపడగా ఆటగాండ్రును, చిన్న ప్రకాశకులును తీవ్రముగా ప్రతిఘటించిరి. ఆ నెల ముగియకముందే సంస్థ వెనుకకు తగ్గి, ఐదవ కూర్పు మూల నియమములను ఎవరైనను వాడుకొనునట్లు తిరిగి తీసికొనరాని సార్వజనిక అనుమతితో విడుదల చేసినది. ఇక ఎన్ని కూర్పులు వచ్చినను ఆ పాఠము లోపింపదు. కొత్త పుస్తకము వచ్చినపుడు కలుగు భయములో సగము దీనితో తీరినది.

ఇంతకును ఈ విచారణ వలన ఇచ్చటివారికి ప్రయోజనమేమి? కేంద్ర ప్రభుత్వోద్యోగి కుటుంబములకు బదిలీ కొత్త కాదు. ఢిల్లీలో స్నేహితులను విడిచి, హైదరాబాదులోనో బొంబాయిలోనో కొత్త బడిలో చేరిన బాలిక మొదటి వారము ఒంటరిగా నుండును. ఆమె సంచిలో నియమగ్రంథము ఒకటి యున్నది. ప్రక్క తరగతి పిల్లలు అదే ఆట ఆడుచున్నారని తెలిసి, వెరపుతో వెళ్లి నిలుచును. వారి చేతిలోని పుస్తకమును ఆమె చేతిలోని పుస్తకమును ఒకటియే యైనచో, భాష సరిగా రాకపోయినను సాయంకాలమునకు ఆమెకొక పాత్ర, నలుగురు మిత్రులు దొరకుదురు. వేరైనచో, "ఇది పాతది, ఇక్కడ పనికిరాదు" అన్న మాట వినవలసివచ్చును. కొత్త పుస్తకము కొనుమని తండ్రి నడుగుటకు ఆమె వారము దినములు యోచించును.

నియమగ్రంథములు వ్రాయువారును, వానిని సవరించువారును, ఏ కార్యాలయమున నున్నను, ఏ దేశమున నున్నను, అక్షరము మార్చుటకు ముందు ఆ బాలికను ఒకమారు తలచుకొనిన చాలును. మార్పు అవసరమైనచో ఆమె దానిని అర్థము చేసికొనును. అనవసరమైనచో దాని ఖరీదు చెల్లించునదియు ఆమెయే.